ఖాళీ గిన్నె గడప దాటొద్దు

ఒక గిన్నెడు పప్పుచారు వల్ల ఒక మనిషి దవాఖానలో చేరడం, ఒక మేకపిల్ల మేడ ఎక్కడం, మా వీధి వీధంతా గేటు ముందు నిలబడి నోరు తెరవడం మీరెక్కడైనా విన్నారా? విని ఉండరు. నేను చేసి చూపించాను. అది కూడా తెలిసీ తెలియని వయసులో కాదు. అరవై ఏడు నిండి, పళ్లు ఊడి, బుద్ధి మాత్రం గట్టిగా నిలిచి ఉందని నమ్ముతున్న రోజుల్లో.

ముందు నా సంగతి చెప్పాలి. పేరు అండాలమ్మ. నల్గొండలో పాల కేంద్రంలో లెక్కలు రాసి రిటైరయ్యాను. చెంబులో పాలు ఒకసారి తిప్పి, అందులో బర్రె వాటా ఎంత, బోరింగు వాటా ఎంత అనేది చెప్పగలను. తేదీ, వారం లేకుండా ఏ సంగతీ చెప్పను. మా ఇంటి పైన ఒక పోర్షన్ ఉంది. దాన్ని కిరాయికి ఇస్తాను. ఇస్తాను గానీ ఎవరూ నిలవరు. మోటారు ఆరింటికి వేయాలి, చెప్పులు వరసగా విడవాలి, మెట్ల మీద దుప్పట్లు ఆరేయకూడదు అంటే అదేదో నేరమన్నట్టు పారిపోతారు. ఆఖరున పోయిన అబ్బాయి లారీలో సామాను ఎక్కించాక వెనక్కి వచ్చి మా గేటుకు దండం పెట్టి మరీ పోయాడు.

"అక్కా, నీ ఇంట్ల కిరాయికుండుడంటే మిలిట్రీల చేరినట్టే," అనేది ఎదురింటి సత్తెమ్మ. "అండ్ల పింఛనన్న ఇస్తరు. నువ్వు గదీ ఇయ్యవైతివి."

ఆ మాట వీధిలో నలుగురూ అనుకుంటున్నదే. అందుకని మనసులో గట్టిగా తీర్మానించుకున్నాను. ఈసారి వచ్చినవాళ్లను పోనివ్వకూడదు, సత్తెమ్మ నోరు మూయించాలి.

రాష్ట్రం వచ్చిన మూడో ఎండాకాలం, ఉగాది వెళ్లిన గురువారం, మా గేటు ముందు ఆటో ఆగింది. తెల్లగా, సన్నగా, వాన వెలిశాక మొలిచిన పుట్టగొడుగులాంటి పిల్ల దిగింది. ఆటో అతనికి నడుము వంచి నమస్కారం పెట్టింది. పాపం, అతను తన వెనక ఎవరైనా పెద్దమనిషి ఉన్నాడేమోనని తిరిగి చూసుకున్నాడు. పిల్ల పేరు మిచికో. జపాన్ నుంచి వచ్చింది. పానగల్ గుళ్ల మీది శిల్పాలు చూసి బొమ్మలు గీసుకోవడం ఆమె పని. ఏడాది ఉంటుందట. తెలుగు అక్కడే, పుస్తకాల్లో నేర్చుకుందట.

"అమ్మా, తమ గృహమున నివసించుటకు నాకు అనుమతి కలదా?" అంది.

సత్తెమ్మ గోడ మీంచి తొంగిచూసి, "అక్కా, గీ పిల్ల హరికథ చెప్పనీకి వచ్చిందా ఏంది?" అంది.

వారం తిరగకుండానే నాకు తెలిసిపోయింది, ఇలాంటి మనిషి కిరాయికి దొరకడం నా పూర్వజన్మ సుకృతమని. ఆరింటికి మోటారు అంటే, ఐదూ యాభై తొమ్మిదికే స్విచ్చు పక్కన వచ్చి గడియారం చూస్తూ నిలబడేది. చెప్పులు విడిస్తే స్కేలు పెట్టి గీత గీసినట్టు ఉండేవి. నా చెప్పులు కూడా సర్దేది. ఒకరోజు సత్తెమ్మ వచ్చి కూర్చుని వెళ్లబోతే, ఆమె చెప్పులు కూడా ముక్కులు వీధివైపు తిప్పి పెట్టి ఉన్నాయి. "ఏందక్కా, నన్ను జల్ది పొమ్మంటాందా?" అని సత్తెమ్మ అలిగింది. నేను మాత్రం ఆ సంతోషంలో ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

సాయంత్రాలు మిచికో మెట్ల మీద కూర్చుని తన సందేహాలు అడిగేది. అప్పటికి వీధి గాలి సోకి, గృహమూ నివసించుటా రాలిపోయి, మామూలు మాటలు మొలిచాయి. నన్ను అవ్వా అనడం నేర్చింది.

"అవ్వా, అందరు నన్ను 'తిన్నవా' అని అడుగుతున్నరు. నేను ఆకలితో ఉన్నట్టు కనబడుతున్ననా?"

"లేదు బిడ్డా. అది పలకరించుడు. ఊఁ అంటే సరిపోతది."

"అయ్యో. కూరగాయలమ్మకు నేను పొద్దున తిన్నవి అన్నీ చెప్పిన. నిన్న రాత్రివి కూడా."

"ఏమన్నది?"

"'అంతేనా' అని అరటిపండు ఇచ్చింది."

మరునాడు ఇంకోటి. "షేర్ ఆటోలో ఒకామె తన పిల్లవాణ్ని నా ఒళ్లో కూర్చోబెట్టింది. పేరు చెప్పలేదు. దిగేటప్పుడు తీసుకుపోయింది. ఆమెకు నేను థాంక్స్ చెప్పాలా, నాకు ఆమె చెప్పాలా?"

"ఎవ్వరూ ఎవ్వరికీ చెప్పరు. పిల్లగాడు ఏడ్వలేదు గద, గంతే."

"నల్లా బాగుచేసే అతను 'ఇప్పుడే వస్త' అన్నడు. మొన్న అన్నడు."

"వస్తడు."

"ఎప్పుడు?"

"ఇప్పుడే."

ఆ పిల్ల కళ్లు గుండ్రంగా తిప్పేది, నేను కడుపు పట్టుకుని నవ్వేదాన్ని. ఆమెకు మన తీరు అర్థం కావడం లేదని నవ్వాను తప్ప, నాకు ఆమె తీరు అర్థమైందా అని ఒక్కసారి కూడా నన్ను నేను అడుక్కోలేదు. పాలల్లో నీళ్లు పట్టినదాన్ని, నా వంటింట్లో పెరుగుతున్న ముప్పును పట్టలేకపోయాను.

మొదలైంది పప్పుచారుతో. వచ్చిన కొత్తలో ఆమెకు స్టవ్వు లేదు. పాపమని ఒక స్టీలు గిన్నెలో పప్పుచారు, మీద రెండు వడియాలు పెట్టి పంపాను. మరునాడు పొద్దున్నే గిన్నె తిరిగి వచ్చింది. తళతళా మెరుస్తోంది, మా గిన్నె అని నేనే గుర్తుపట్టలేదు. దానితోపాటు అరచేయంత నీలం పళ్లెంలో నాలుగు మిఠాయిలు.

నా గుండె ఉప్పొంగింది. ఇరుగుపొరుగు ఇచ్చిన గిన్నెను ఖాళీగా పంపకూడదని మనకు చిన్నప్పటి నుంచీ నేర్పుతారు. చిటికెడు చక్కెరైనా, గుప్పెడు బియ్యమైనా వేసి పంపాలి. ఖాళీ గిన్నె గడప దాటితే ఇంట్లో లక్ష్మి దాని వెంటే దాటుతుందని మా అవ్వ మమ్మల్ని బెదిరించేది. "సత్తెమ్మా, చూసినవా? సముద్రాలు దాటొచ్చిన పిల్లకు గీ పద్ధతి తెలుసు. నీకు ఇచ్చిన తపాలా గిన్నె మాత్రం ఉత్తదే వస్తది," అన్నాను. అనవలసిన మాటే, ఎన్నాళ్ల నుంచో దాచుకున్నాను.

ఇప్పుడు ఆ నీలం పళ్లెం మా ఇంట్లో ఉంది. దాన్ని ఖాళీగా పంపకూడదు. కానీ అరచేయంత పళ్లెంలో ఏం పడుతుంది? గరిజెలు, అదే మీ కజ్జికాయలు, చేశాను, రెండు పెడితే మూడోది జారిపోతోంది. సరే, పళ్లేనికి తగినది తర్వాత నిదానంగా చేద్దామని దాన్ని అల్మరాలో పెట్టి, గరిజెలు మా డబ్బా నిండా పంపాను. డబ్బా మరునాడే వచ్చింది, మెరుస్తూ. పక్కన ఆమెదే ఒక చెక్క గిన్నె, అందులో ఏదో నల్లని ఆకు. తింటే సముద్రం రుచి. చెక్క గిన్నెకు బదులు రొట్టెలాంటి సర్వపిండి పంపాను. అది మడిచినా చెక్క గిన్నెలో పట్టలేదు, మా పళ్లెంలోనే వెళ్లింది. దానికి జవాబుగా రేకు డబ్బాలో తేయాకు వచ్చింది. ఇలా నా గిన్నెలు వెళ్లినవి వెళ్లినట్టు మెరిసి వస్తున్నాయి. ఆమె గిన్నెలు మాత్రం ఒక్కొక్కటే మా అల్మరాలో చేరి, తమ వంతు ఎప్పుడా అని నన్ను చూస్తున్నాయి.

ఇంకో విషయం. ఆమె ఇచ్చేది ప్రతిసారీ నేను ఇచ్చినదానికంటే తక్కువగానే ఉండేది. పిల్ల మొహమాటపడుతోంది, మనం కొంచెం పెంచితే ధైర్యం వస్తుందని నేను పెంచేదాన్ని. నేను పెంచితే ఆమె కూడా పెంచేది. ఆమె పెంచిందని నేను మళ్లీ పెంచేదాన్ని.

వైశాఖంలో తొక్కు పెట్టాను. మామిడికాయ తొక్కు. ఒక మనిషికి ఏడాదికి సరిపడా జాడీ నింపి, వాసెన కట్టి, "మెల్లగ తిను బిడ్డా" అని ఇచ్చాను. అక్కడే ఏడాది పాటు అని చెప్పి ఉండాల్సింది.

సరిగ్గా వారానికి జాడీ కిందికి వచ్చింది. లోపల వేలు పెట్టి చూశాను, ఉప్పు రవ్వ కూడా లేదు.

"మొత్తం తిన్నవా?" అన్నాను.

"తిన్న అవ్వా. చాలా బాగున్నది." కళ్లలో నీళ్లు.

నాకూ కళ్లలో నీళ్లు వచ్చాయి. నా తొక్కును ఇంత ప్రేమగా తిన్నవాళ్లు పుట్టింట్లో లేరు, అత్తింట్లో లేరు. ఆ సంతోషంలో ఏం చేశానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. అంతకు రెండింతల జాడీ నింపి పంపాను.

ఐదో రోజు మిచికోను దవాఖానకు తీసుకెళ్లాం. డాక్టరు కడుపు నొక్కి చూసి, "ఏం తింటాందమ్మా గీ పిల్ల?" అని అడిగాడు.

"మా ఇంటి తిండే సార్. కమ్మటిది," అన్నాను.

"కారం జర బంద్ పెట్టుండ్రి."

"ఎండదెబ్బ సార్. చల్లటి దేశంకెల్లి వచ్చింది," అని డాక్టరుకే రోగం చెప్పి, సాయంత్రం ఆమెకు అన్నం, చారు, పెరుగు, పండ్ల ముక్కలు టిఫిన్ క్యారియర్‌లో సర్ది తీసుకెళ్లాను. నాలుగు గిన్నెల క్యారియర్. మంచం మీద పడుకున్న ఆ పిల్ల నాలుగు గిన్నెలూ ఒక్కొక్కటే విప్పుతుంటే చూసి దిండులో మొహం దాచుకుంది. సంతోషం పట్టలేకపోతోందనుకున్నాను.

ఇంటికి వచ్చిన మూడు రోజులకు క్యారియర్ కిందికి వచ్చింది. దాంతో ఆమె అన్నం వండుకునే కరెంటు కుక్కరు వచ్చింది. కుక్కరు నిండా పండ్లు.

ఆ సాయంత్రం సత్తెమ్మ పరుగున వచ్చింది. "అక్కా, పైకి పోయి చూసినవా? ఒక్క గిన్నె లేదు. పిల్ల గ్లాసుల అన్నం పెట్టుకొని తింటాంది. సామాను ఒక్కొక్కటే నీ ఇంట్లకు దించుతాంది. గిది ఖాళీ చేసేటోళ్ల లక్షణం కాదా? నేను చెప్పలే, నీ ఇంట్ల ఎవ్వరూ ఉండరని?"

ఏం తక్కువ చేశాను? తొక్కు పెట్టానా? పెట్టాను. దవాఖానకు తిరిగానా? తిరిగాను. ఆ రాత్రి పడుకోకుండా ఆలోచించి, గట్టి ఉపాయం కనిపెట్టాను. గిన్నెల గొడవ తెగాలంటే గిన్నెలో పట్టనిది ఇవ్వాలి. గిన్నె లేకపోతే తిరిగి ఇచ్చేది లేదు, బాకీ లేదు. పిల్లకు సంతోషం కలగాలి, ఆ సంతోషంలో ఇల్లు వదిలే ఆలోచన మానుకోవాలి. పానగల్ దారిలో మేకపిల్లను ఎత్తుకుని ముద్దు చేసిందని ఒకసారి తనే చెప్పింది. మా తమ్ముడు మల్లయ్య మోత్కూర్ దగ్గర మేకలు కాస్తాడు. ఫోన్ చేశాను.

"ఒక మేకపిల్లను తే. ముద్దుగున్నదాన్ని."

"కొయ్యనీకా అక్కా?"

"కాదురా. పైన కిరాయికున్న పిల్లకు ఇయ్యనీకి."

"అక్కా, నీ పానం మంచిగున్నదా?"

శుక్రవారం మధ్యాహ్నం బస్సు దిగి వచ్చాడు. మేకపిల్లను గంపలో పెట్టుకుని వచ్చాడు. "గంపల ఎందుకు తెచ్చినవురా! గిన్నె లేకుండ ఇద్దామని గద నా బాధంత!" అని నేను అరుస్తుంటే, అతనికేమీ అర్థం కాక మేకకేసి చూశాడు, మేక అతనికేసి చూసింది. గంప లాక్కుని, మేకను చేతుల్లో ఎత్తుకుని మేడ ఎక్కి మిచికో ఒళ్లో పెట్టాను. "ఇది నీది. తిరిగి ఏం ఇయ్యొద్దు," అన్నాను. ఆ పిల్ల మేకను హత్తుకుంది గానీ, ముఖం మాత్రం పరీక్షలో తెలియని ప్రశ్న వచ్చినట్టు అయిపోయింది.

మరునాడు శనివారం. శనివారం మా ఇంట్లో నీచు వాసన కూడా రానివ్వను. స్నానం చేసి, దీపం పెట్టి, వాకిట్లోకి వచ్చేసరికి మిచికో ఎదురుగా నిలబడి ఉంది. చేతుల్లో దుకాణం చీటీ కూడా పీకని కొత్త గంజు, పెద్దది, పైన గుడ్డ కప్పి ఉంది. నడుము వంచి నమస్కారం చేసింది.

"అవ్వా, మేకకు," అంది.

గుడ్డ తీశాను. ఎర్రగా మాంసం.

"సగం," అంది, మర్యాదగా. "సగం మేక."

నేను వేసిన కేకకు ఎదురింటి డాబా మీది పావురాలన్నీ లేచిపోయాయి. "అయ్యో నా తల్లో! పసిదాన్ని కోసేసినవా! నిన్ననే గదనే నీ ఒళ్లె పెట్టిన!"

టీ తాగుతున్న మల్లయ్య గ్లాసు పట్టుకునే బయటికి వచ్చాడు. గంజులోకి చూశాడు. "అక్కా... మిగిలిన సగం ఏదీ?"

గేటు దగ్గర జనం మూగారు. పాలబ్బాయి బండి ఆపాడు. సత్తెమ్మ అందరికంటే ముందు. "నేను అనుకుంటనే ఉన్న. గంత మర్యాదగున్నోళ్లతోనే భయం. మన చెప్పులు తిప్పి పెట్టుడు ఏందని నేను అప్పుడే అన్న."

మిచికో బెదిరిపోయి అందరి ముఖాలూ చూస్తోంది. ఆమె తెలుగు మొత్తం భయానికి మళ్లీ పుస్తకంలోకి వెళ్లిపోయింది. "క్షమింపుడు! క్షమింపుడు! తూకము తప్పినదా?"

అప్పుడు పైనుంచి "మే... ఏ..." అని వినిపించింది.

అందరం తలలెత్తాం. పిట్టగోడ మీంచి మేకపిల్ల మమ్మల్ని తీరుబడిగా చూస్తోంది. మెడలో మిచికో ఎర్ర స్కార్ఫు.

మల్లయ్య గ్లాసు కింద పెట్టి రెండు చేతులూ జోడించాడు. నేను మెట్టు మీద కూలబడ్డాను. "మరి ఇదెక్కడిదే?" అన్నాను, గంజు చూపించి.

"మటన్ షాపులో కొన్న. మేకను ఎత్తుకొని పోయిన. కాంటా మీద కూర్చోబెట్టి, ఇందులో సగం కావాలె అన్న. షాపాయన చాలాసేపు నన్నే చూసిండు."

"ఎందుకు బిడ్డా?"

"మా దేశంలో ఎవరైనా ఏదైనా ఇస్తే, దాంట్లో సగం తిరిగి ఇయ్యాలె. లేకుంటే మర్యాద కాదు. మీరు గరిజెలు ఇస్తే నేను సగం ఇచ్చిన. మీరు పెంచిండ్రు. తొక్కు ఇచ్చిండ్రు. జాడీ ఖాళీ కాకుంటే తిరిగి ఎట్ల ఇస్త? అందుకే గబగబ తిన్న."

"తొక్కు... గిన్నె ఖాళీ చేయనీకి తిన్నవా?"

"గ్లాసుతో ముంచుకొని తిన్న," అంది. ఏడ్చేసింది. "నా దగ్గర ఇంకేం లేదవ్వా. గిన్నెలు అయిపోయినయ్. కుక్కరు గూడ ఇచ్చిన. బొమ్మలు గీసుడు బంద్ అయ్యింది, పొద్దంతా మీకేం ఇయ్యాలె అని బజార్ల తిరుగుతున్న. మీరు మంచోళ్లు. కానీ నాకు శక్తి లేదు. వచ్చే ఒకటో తారీఖుకు ఇల్లు ఖాళీ చేస్త."

సత్తెమ్మ నోరు మూసుకుంది, అదొక్కటే ఆ రోజు నాకు మిగిలిన లాభం.

కూర్చున్నచోటే లెక్క వేశాను. ఆమె సగం ఇస్తుంది. అది చూసి నేను తక్కువైందనుకుని పెంచుతాను. పెంచినదాంట్లో ఆమె మళ్లీ సగం. ఈ లెక్కకు ముగింపు లేదు. మేక తర్వాత నేను బర్రెకు వెళ్లేదాన్నే, నన్ను నేనెరుగుదును. అప్పుడు ఆ పిల్ల సగం బర్రె ఎక్కడ తెస్తుంది?

చేయవలసింది ఒక్కటే ఉంది. అది నా ప్రాణం మీదికి వచ్చే పని.

అల్మరా తెరిచాను. నీలం పళ్లెం, చెక్క గిన్నె, రేకు డబ్బా, ఇంకా రెండు చిన్న గిన్నెలు, కుక్కరు. మొత్తం ఆరు. చేయి అలవాటుగా చక్కెర డబ్బా వైపు పోయింది. ఒక చేత్తో ఇంకో చేయి పట్టుకుని ఆపాను. ఆరింటినీ ఒడిలో పెట్టుకుని, వీధి అంతా చూస్తుండగా, కళ్లు మూసుకుని నా గడప దాటించాను. ఖాళీగా. ఒక్క బియ్యపు గింజ లేకుండా. మా అవ్వ పైనుంచి చూస్తుంటే చూడనీ అనుకున్నాను.

"ఇవి నీవి. ఏం పెట్టలేదు బిడ్డా. నువ్వూ ఏం పెట్టొద్దు. ఇల్లు మాత్రం ఖాళీ చెయ్యకు," అన్నాను. "ఈ ఇంట్ల ఖాళీ అయ్యేది ఉంటే గిన్నెలే ఖాళీ కావాలె, ఇల్లు కాదు."

మిచికో ఒక్కో గిన్నెలోకి తొంగి చూసింది. అన్నీ ఖాళీ. జైలు తలుపు తెరిచినట్టు నవ్వింది. "అవ్వా, ఇంత మంచి బహుమతి నాకు ఎవ్వరూ ఇయ్యలే," అని నడుము విరిగేలా వంగింది. ఇల్లు ఖాళీ చేయనని అక్కడే చెప్పేసింది.

ఏ బాకీ మిగలకుండా మల్లయ్య మేకపిల్లను గంపలో పెట్టుకుని, మాంసం కవర్లో కట్టుకుని సాయంత్రం బస్సుకు వెళ్లాడు. "అక్కా, ఒక మేకను తెచ్చి ఒకటిన్నర మేక తీసుకపోతున్న. మల్ల ఎప్పుడు రమ్మంటవ్?" అన్నాడు. చెప్పు తీశాను.

ఆ రాత్రి ఎన్నో వారాల తర్వాత హాయిగా నిద్రపోయాను. తెల్లవారి ఆరింటికి మోటారు చప్పుడు వినగానే లేచి, చీపురు తీసుకుని తలుపు తెరిచాను.

గడప ముందు నీలం పళ్లెం, చెక్క గిన్నె, కుక్కరు వరసగా, స్కేలు పెట్టినట్టు ఉన్నాయి. మూడూ శుభ్రంగా కడిగి ఉన్నాయి. మూడూ ఖాళీ.

ఆరులో సగం.

మెట్ల మీద మిచికో నిలబడి, ఈసారైనా మర్యాద తప్పలేదు కదా అన్నట్టు నన్ను చూస్తోంది. నేను నడుము వంచి నమస్కారం చేశాను, అంతకంటే దారి కనబడలేదు. ఆమె ఇంకా కిందికి వంగింది. నేను ఆగిపోయాను. అందులో కూడా పోటీకి దిగితే ఈ వయసులో నడుము మళ్లీ లేవదు.

కాబట్టి నలుగురూ వినేలా, నిండు స్పృహతో ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరికైనా ఏదైనా పెట్టాలనిపిస్తే, వాళ్లను నా ఇంటికి పిలిచి, నా పీట మీద కూర్చోబెట్టి, నా కంచంలో, నా కళ్ల ముందే తినిపిస్తాను. కంచం నేనే కడుక్కుంటాను. నా బతుకులో ఇంకొక గిన్నె, నిండుగా గానీ ఖాళీగా గానీ, ఈ గడప దాటదు. తొక్కు అడిగినవాళ్లకు చెంచాతో నాలుక మీద వేస్తాను, నోరు మూసుకుని పోవాలి.